నిన్న ఏం తిన్నారు? - ఒక ప్రశ్నకున్న చరిత్ర

ఒక మనిషి ఏం తింటున్నాడో తెలుసుకోవడానికి మూడే మార్గాలున్నాయి. అతన్ని అడగటం, అతని పక్కన కూర్చుని చూడటం, అతని ఒంటినే సాక్ష్యం చెప్పమనటం. ప్రభుత్వాలూ, శాస్త్రజ్ఞులూ ఎక్కువగా నమ్ముకున్నది మొదటి మార్గాన్నే. అడగటం చవక. చూడటానికి కాలం కావాలి. ఒంటిని పరీక్షించడానికి డబ్బు కావాలి. అంచేత ప్రజల ఆహారం గురించి మనం చదివే అంకెల్లో చాలా భాగం ఎవరో ఒకరు ఒక గుమ్మం ముందు నిలబడి వేసిన ప్రశ్నకు, ఆ గుమ్మంలోంచి వచ్చిన జవాబే.

ఆ జవాబు ఎంతవరకు నిజం? ఇది పోషకాహార శాస్త్రజ్ఞుల సమస్య గదా, సాహిత్య విమర్శకు దీనితో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. జవాబు అనేది మాటలతో తయారవుతుంది. అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య ఉన్న సంబంధం ఆ మాటలను నిర్ణయిస్తుంది. ఆ సంబంధానికి ఒక చరిత్ర ఉంటుంది. మాటలూ, సంబంధాలూ, చరిత్రా మన పరిధిలోని విషయాలే. పైగా మనం రాసే ఆకలి కథలు కూడా ఇదే ప్రశ్నకు ఇంకో రకం జవాబులు. కాబట్టి ఖమ్మం - భద్రాచలం అడవి అంచున ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాడిగా ఈ ప్రశ్న చరిత్రను నాకు తెలిసినంతలో పరిశీలిస్తాను.

1

మద్రాసు రాజధానిలో జనం ఏం తింటారన్న విషయమై తొలి పెద్ద నివేదికల సంపుటం 1863లో వెలువడింది. దాన్ని తయారుచేసినవాడు డబ్ల్యు. ఆర్. కార్నిష్ అనే వైద్యాధికారి. ఆ సంపుటంలో ప్రజల ఆహారంతోపాటు జిల్లా జైళ్ళలో ఖైదీల ఆహారం కూడా ఉంది. ఈ రెండూ ఒకే అట్టల మధ్య ఉండటం యాదృచ్ఛికం కాదు. బయట ఉన్న పేదవాడు ఎంత తింటాడో తెలిస్తేనే లోపల ఉన్నవాడికి ఎంత పెట్టాలో తేలుతుంది. అంటే మన దగ్గర ఆహారాన్ని గురించిన ప్రశ్న పుట్టుకలోనే పాలకుడి అవసరం ఉంది. జవాబులు కూడా తిన్నవాళ్ళ నోటి నుంచి వచ్చినవి కావు, జిల్లాల్లోని అధికారులు రాసి పంపినవి.

పద్నాలుగేళ్ళ తర్వాత, 1877 కరువులో, సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు. చాలదని వాదించినవాడు ఈ కార్నిషే. అప్పటికి ఆయన మద్రాసు శానిటరీ కమిషనరు. కూలీలను ఎవరూ అడగలేదు. ఎంత తింటే బతుకుతారో ఇద్దరు దొరలు తమలో తాము వాదించుకున్నారు. కాని ఒకరు ఖజానా వైపు నుంచి చూశారనీ, మరొకరు కూలి ఒళ్ళు చూసి మాట్లాడారనీ గుర్తించాలి. ఆ తేడా ఈ చరిత్ర పొడుగునా కనబడుతుంది.

ఆ కాలంలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల సంగతి వేరు. నిజాం 1860లో వీటిని ఇంగ్లీషువారికి అప్పగించాడు. 1874 దాకా ఇవి మధ్య రాష్ట్రాల కింద ఉండి, ఆ ఏడు మద్రాసు రాజధానిలోకి, గోదావరి జిల్లాలోకి మారాయి. మారాక రేకపల్లి ప్రాంతంలో పోడు మీద పన్ను దాదాపు మూడింతలైంది. రంప వైపు, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా ఆబ్కారీ చట్టం కింద నేరమైంది. కల్లు మీద కాంట్రాక్టరూ, ముఠాదారూ, మన్సబుదారూ తలా ఒక వాటా లాగారు. చిగురుపన్ను అన్న మాట అప్పటిదే. 1879లో రంప తిరుగుబాటు పుట్టింది ఈ నేపథ్యంలోనే. అది రేకపల్లికీ పాకింది. అక్కడ తమ్మన్నదొర నాయకుడు.

ఆహారం అంకెల గురించి మాట్లాడుతూ తిరుగుబాటు ప్రస్తావన ఎందుకంటే, కొండలో నివసించే మనిషికి జీలుగు కల్లు, తాటి కల్లు విలాసాలు కావు. కొన్ని నెలలు అవే సగం కూడు. పోడులో పండే సామలు, కొర్రలు, జొన్నలు మిగతా సగం. ఈ రెండింటి గురించీ కాగితం పట్టుకుని అడగడానికి వచ్చిన మొదటి మనిషి పన్ను కోసం వచ్చినవాడు. రెండో మనిషి అడవి గార్డు. మూడోవాడు ఆబ్కారీ జవాను. నాలుగో మనిషిగా, చాలా ఆలస్యంగా, పోషకాహార సర్వే చేసే ఆయన వచ్చాడు. ఆయన మంచివాడే. కాని ఆయన చేతిలోనూ కాగితమే ఉంది. ఏం తిన్నారు, ఏం తాగారు, ఎక్కడిది అని ఆయన అడిగినప్పుడు జవాబు చెప్పేది ఆ ఒక్క మనిషి కాదు, అతని తాతకు జరిగిన అనుభవం కూడా.

2

రెండో మార్గం పక్కన కూర్చుని చూడటం. దుమ్ముగూడెంలో చాలాకాలం ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870ల చివర భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 'ఇండియన్ ఆంటిక్వెరీ'లో వ్యాసాలు రాశాడు. ఆయన దృష్టి మతప్రచారకుడి దృష్టి. అయినా అక్కడే బతికినవాడు కాబట్టి ఇవాళ్టికీ ఆ రాతలు పనికొస్తున్నాయి. 1940ల మొదట్లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ పాపికొండల ప్రాంతంలో కొండరెడ్ల మధ్య ఉండి పరిశోధించాడు. ఆ పుస్తకం 1945లో వచ్చింది. మామిడి జీడి, అడవి గడ్డలు, జీలుగు చెట్టు దూటలోని పిండి - ఇవన్నీ ఏ నెలలో పొయ్యి మీదికి వస్తాయో అటువంటి పరిశోధన వల్లనే గ్రంథస్థమైంది. ఎందుకంటే అవి గింజలు అయిపోయిన నెలల తిండి. పంట ఇంటికొచ్చిన మాసంలో వెళ్ళి అడిగినవాడికి ఆ మాటే వినబడదు.

అదే కాలంలో కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో మరో రకం పని జరుగుతోంది. 1935లో డబ్ల్యు. ఆర్. ఎక్రాయిడ్ దానికి డైరెక్టరయ్యాడు. భారతీయుల ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో చెప్పే పట్టికలు 1937లో ప్రకటించాడు. ఆ పట్టికలు వచ్చాకనే 'ఏం తిన్నావు' అన్న ప్రశ్నకు వచ్చిన జవాబును కేలరీలుగా, మాంసకృత్తులుగా మార్చడం సాధ్యమైంది. ఇది గొప్ప ముందడుగు. కాని పట్టికలో పేరున్న తిండికే కేలరీలుంటాయి. పేరెక్కని ఆకుకు, పేరెక్కని గడ్డకు సున్నాయే.

ఎక్రాయిడ్ బెంగాలు కరువు విచారణ సంఘంలో సభ్యుడు కూడా. 1945 నాటి ఆ నివేదిక మృతుల సంఖ్యను సుమారు పదిహేను లక్షలని తేల్చింది. 1974లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఆ లెక్క తానే కట్టాననీ, రోడ్ల పక్క చనిపోయినవారిని తగినంతగా లెక్కించలేదు కాబట్టి అది తక్కువేననీ ఒప్పుకున్నాడు. గ్రామం వదిలి వచ్చినవాడు గ్రామ రికార్డులో చనిపోడు. అడిగే చోట లేనివాడు అంకెలోనూ ఉండడు. ఆ ఒప్పుకోలులో ఒక శాస్త్రజ్ఞుడి నిజాయితీ ఉంది, మనకు పాఠమూ ఉంది.

3

కూనూరు సంస్థ 1958 - 59 ప్రాంతాల హైదరాబాదుకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. డాక్టర్ సి. గోపాలన్ దాన్ని నడిపిన కాలంలోనే, 1972లో, జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ ఏర్పడింది. గిరిజన ప్రాంతాల్లో ఇది ప్రత్యేకంగా సర్వేలు చేసింది. 1985 - 87, 1998 - 99, 2007 - 08లలో జరిగినవి ముఖ్యమైనవి.

వీరి పద్ధతి నిర్లక్ష్యంతో కూడుకున్నది కాదని మొదట స్పష్టం చేయాలి. 'గడచిన ఇరవైనాలుగు గంటల్లో ఏం వండారు, ఎవరు ఎంత తిన్నారు' అని ఇల్లాలిని అడుగుతారు. కొలత తెలిసిన గిన్నెలూ గరిటెలూ వెంట తెస్తారు. కూర ఏ గిన్నెడు, అన్నం ఏ గిన్నెడు అని చూపించమంటారు. దానినుంచి పచ్చి గింజల లెక్క కడతారు. కొన్ని సర్వేల్లో వండబోయే గింజల్నే తూకం వేశారు. నోటితో చెప్పిన దానికీ కళ్ళారా చూసిన దానికీ ఎంత తేడా ఉందో, చిన్న పిల్లల ఆహారం విషయంలో, తిమ్మాయమ్మ, పార్వతీరావు అనే పరిశోధకులు పోల్చి చూసి 1969లోనే ప్రకటించారు. తమ పనిముట్టును తామే అనుమానించడం శాస్త్రానికి ఉండవలసిన లక్షణం.

అయినా ఒక చిక్కు మిగిలింది. అది గిన్నెలో లేదు, క్రియాపదంలో ఉంది. తెలుగులో అన్నం 'తింటాం'. అంబలి 'తాగుతాం'. జావ తాగుతాం, కల్లు తాగుతాం. తునికి పండు 'తింటాం' గాని దాన్ని 'తిండి' అనం. 'ఏం తిన్నావు' అంటే 'కూడు ఏమిటి' అని అర్థం. పైగా కోయవారికి తెలుగు బయటి భాష. వాళ్ళ భాష గోండికి చుట్టం. తమది కాని భాషలో అడిగిన ప్రశ్నకు తమది కాని భాషలో చెప్పే జవాబులో మాటలు తగ్గుతాయి, తిండీ తగ్గుతుంది.

ఇది ఊహ కాదు. ఒకసారి ఒంటిపూట బడుల రోజుల్లో ఏడో తరగతి పిల్లల్ని 'నిన్న నేను తిన్నవి' అని పది వాక్యాలు రాయమన్నాను. నలభైమందిలో దాదాపు అందరూ అన్నం, పప్పు, కూర అని రాశారు. కొందరు గుడ్డు అని రాశారు. ఆ ముందు రోజు ఆదివారం. వాళ్ళంతా ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళే. బడి వదిలాక చింతచెట్టు కింద కూర్చుని అదే మాట మళ్ళీ అడిగాను. ఈసారి చేతిలో పుస్తకం లేదు. అప్పుడు తునికి పండ్లు వచ్చాయి, మొర్రి పండ్లు వచ్చాయి, ఎండబెట్టిన ఇప్పపువ్వు వచ్చింది, వాగులో పట్టిన ఎండ్రకాయలు వచ్చాయి. ఒకమ్మాయి మాత్రం ఏమీ చెప్పలేదు. చివర్న నెమ్మదిగా, 'పొద్దున తినలేదు సార్, మాపటికి అంబలి తాగినం' అంది. ఆ అమ్మాయి రాసిన పేజీలో కూడా అన్నం, పప్పు, కూర ఉన్నాయి.

ఆ పిల్లలు అబద్ధం రాశారా? లేదు. బడిలో ఏం రాయాలో అది రాశారు. మన పాఠ్యపుస్తకంలో కుటుంబం ఏం తింటుందో అదే తమ ఇంట్లో పెట్టారు. ఒక పేజీలో పండ్లు పోయాయి, ఒక పేజీలో ఆకలి పోయింది. పోయిన రెండూ వేరువేరు వైపులు. ఒకటి ఉన్న తిండిని తగ్గించింది, మరొకటి లేని తిండిని చేర్చింది. ఈ రెండూ కలిపి సగటు తీస్తే అంకె బాగానే కనబడుతుంది. అందులో ఏ పిల్లా ఉండదు.

4

చదువు లేనివాళ్ళు, అడవిలో ఉండేవాళ్ళు సరిగా చెప్పలేరన్న అభిప్రాయం ఒకటి మధ్యతరగతిలో ఉంది. మూడో మార్గం, అంటే ఒంటి సాక్ష్యం, ఈ అభిప్రాయాన్ని పూర్తిగా తోసిపుచ్చింది.

నాథన్ లిఫ్సన్ 1950లలో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఉదజనిలోనూ ఆమ్లజనిలోనూ బరువైన రకాలతో తయారైన నీటిని తాగిస్తారు. ఉదజని ఒంట్లోంచి నీరుగా మాత్రమే పోతుంది. ఆమ్లజని నీరుగానూ, ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిగానూ పోతుంది. రెండింటి తేడా తెలిస్తే ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు చేసిందో తేలుతుంది. బరువు మారని మనిషి తిన్నది ఖర్చు చేసినదానికి సమానమే కావాలి గదా! 1982లో దీన్ని మనుషుల మీద ప్రయోగించారు. 1986లో ఇంగ్లండులో స్థూలకాయం ఉన్న స్త్రీలు తాము తిన్నామని రాసినదానికంటే చాలా ఎక్కువ ఖర్చు చేస్తున్నారని తేలింది. 1992లో అమెరికాలో, ఎంత తక్కువ తిన్నా సన్నబడటం లేదని చెప్పినవారిని పరీక్షిస్తే, వాళ్ళు తిన్నదానిని సగటున నూటికి 47 వంతులు తగ్గించి చెప్పారని తేలింది. వీరంతా చదువుకున్నవాళ్ళు, తూకాలూ కొలతలూ తెలిసినవాళ్ళు. తమకు తాము నిజమే చెబుతున్నామనుకున్నవాళ్ళు.

1970ల నుంచీ పరిశోధకులు గమనించిన మరో సంగతి మనకు ఇంకా ముఖ్యం. ఎక్కువ తినేవాళ్ళు తగ్గించి చెబుతారు, తక్కువ తినేవాళ్ళు పెంచి చెబుతారు. ఇద్దరూ సమాజం మర్యాదగా భావించే ఒక మధ్య బిందువు వైపు జరుగుతారు. తిండెక్కువైన చోట తక్కువ తినడం గౌరవం. తిండి లేని చోట తిన్నాననడం గౌరవం. అంటే చెప్పిన అంకెల్లో ఆకలికీ అజీర్తికీ మధ్య దూరం తగ్గిపోతుంది. వర్గ సమాజంలోని అంతరం, ఎవరూ కుట్ర చేయకుండానే, కేవలం మనుషుల సిగ్గు వల్ల కాగితం మీద కుదించుకుపోతుంది.

మాంసం విషయంలో ఈ సిగ్గు వెనక భయం కూడా ఉంది. 2014 నాటి నమూనా నమోదు పథకం సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులమని చెప్పారు. అదే దేశంలో మరికొన్ని రాష్ట్రాల్లో శాకాహారులమన్నవారే ఎక్కువ. బాల్మురళి నటరాజన్, సూరజ్ జేకబ్ 2018లో ఈ రకం సర్వేలను పరిశీలించి, సాంస్కృతిక, రాజకీయ ఒత్తిళ్ళ వల్ల మాంసం, ముఖ్యంగా గొడ్డు మాంసం, తినేవారి సంఖ్య తక్కువగా నమోదవుతోందని వాదించారు. మా ప్రాంతంలో దీనికి పరిశోధన అక్కర్లేదు. ఇంట్లో 'పెద్దకూర' అన్న పిల్లవాడు బడిలో 'కూర' అంటాడు. ఆ ఒక్క విశేషణం రాలిపోవడంలో ఎంత సామాజిక చరిత్ర ఉందో భాషాశాస్త్రం చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

5

అడిగే పద్ధతి మారితే పేదల సంఖ్యే మారిపోతుందన్నది మన దేశంలో రుజువైన విషయం. గడచిన వారం లెక్క అడగాలా, నెల లెక్క అడగాలా అని 1952లో పశ్చిమ బెంగాల్ పల్లెల్లో మహలనోబిస్ బృందం పరీక్ష చేసింది. రోజూ తూచి చూసినదానితో పోలిస్తే వారం లెక్క ఎక్కువ చూపింది, నెల లెక్క దగ్గరగా వచ్చింది. అందువల్ల జాతీయ నమూనా సర్వేలో నెల స్థిరపడింది. 1999 - 2000లో వారం, నెల ప్రశ్నలు రెండూ పక్కపక్క గళ్ళలో అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని తనవైపు లాగింది. దేశంలో పేదరికం ఎంత తగ్గిందన్న విషయంపై ఏళ్ళ తరబడి వాదం జరిగింది.

అంతకంటే గాఢమైన లోపం ఒకటుంది. ఆసామి ఇంట్లో పనివాడు తిన్న బువ్వ ఎవరి లెక్కలోకి వస్తుంది? సర్వే పద్ధతి ప్రకారం వండిన ఇంటి లెక్కలోకే. దీనివల్ల ఉన్నవాడి కేలరీలు పెరిగి, కూలివాడి కేలరీలు తగ్గి కనబడతాయని బి. ఎస్. మిన్హాస్ 1991లో ఎత్తిచూపాడు. ఇక్కడ వర్గ అంతరం కుదించుకుపోవడం కాదు, పెరిగి కనిపించడం జరుగుతుంది. మన వాదానికి అనుకూలంగా ఉంది గదా అని ఈ పొరపాటును దాచుకోరాదు. అభ్యుదయవాదికి నిజం కంటే అనుకూలమైన అంకె మరొకటి లేదు.

ఎందుకంటే ఈ అంకెల మీద మనుషుల బతుకులు ఆధారపడి ఉన్నాయి. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం పల్లెల్లో 2400, పట్నాల్లో 2100 కేలరీలను పేదరికానికి గీతగా పెట్టింది. ఆ దశకంలోనే సుఖాత్మే, ఒక మనిషి తిండి రోజుకో తీరుగా మారుతుందనీ, ఒళ్ళు తక్కువకు సర్దుకుంటుందనీ, కాబట్టి గీత కింద ఉన్నవారంతా ఆకలిగొన్నవారు కాదనీ వాదించాడు. ఒక్కరోజు జవాబును నమ్మి మనిషి మీద తీర్పు చెప్పరాదన్నంతవరకు ఆ వాదంలో బలం ఉంది. కాని 1982లో డేవిడ్ సెక్లర్ దాన్ని పొట్టిగా ఉన్నా ఆరోగ్యమే అన్న దాకా లాగినప్పుడు గోపాలన్ గట్టిగా ఎదిరించాడు. పొట్టివాళ్ళుగా మిగలమని పేదలకే ఎందుకు చెబుతున్నారన్నది ఆయన అభ్యంతరం సారాంశం. చెప్పిన తిండి నమ్మదగింది కాకపోవచ్చు. ఎదగని ఎముక అబద్ధం చెప్పదు.

2001లో ఒరిస్సాలోని కాశీపూర్ ప్రాంతంలో మామిడి జీడి అంబలి తాగి పలువురు ఆదివాసులు చనిపోయారు. ఆకలి చావులని ప్రజాసంఘాలన్నాయి. పాడైన జీడి వల్ల వచ్చిన విషమే కారణమని ప్రభుత్వం అంది. జీడి తినడం వాళ్ళ అలవాటేనన్న మాటా వినవచ్చింది. మా వైపు కూడా మామిడి జీడిని ఎండబెట్టి, పారే నీళ్ళలో నానబెట్టి చేదు పోగొట్టి, పిండి కొట్టి తినడం పాతకాలం నుంచీ ఉంది. అలవాటే. కాని ఆ అలవాటు ఏ నెలలో, ఎన్ని గింజలు మిగిలినప్పుడు పుట్టింది? 'ఏం తిన్నారు' అన్న ప్రశ్నకు జీడి అన్నది సరైన జవాబే కావచ్చు. 'తినడానికి ఇంకేం ఉంది' అన్న రెండో ప్రశ్న లేకుండా మొదటి జవాబుకు అర్థం రాదు.

పోషకాహార పర్యవేక్షణ సంస్థ 2015లో మూతపడింది. దానికి ముందు ఏడాది పోలవరం పేరు మీద భద్రాచలం చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 1860, 1874, 1959, 2014 - ఈ అడవి అంచు మనుషులు కదలకుండానే వాళ్ళను అడిగేవాళ్ళు మారిపోతూ వచ్చారు. గిన్నెలు పట్టుకుని గూడేలకు వెళ్ళిన పద్ధతిలో లోపాలున్నాయని పైన చెప్పాను. లోపం ఉన్న అద్దాన్ని తుడవాలి, పగలగొట్టరాదు. అడగటమే మానేస్తే తప్పు జవాబు కూడా మిగలదు.

6

ఇక మన సంగతి. మన కథల్లో పేదవాడు ఏం తింటాడు? గంజి తాగుతాడు, లేదా పస్తుంటాడు. మన కథల్లో కోయవాడు ఏం తింటాడు? ఇప్పసారా తాగుతాడు. నా పిల్లలు బడి పుస్తకం చూసి అన్నం, పప్పు, కూర రాసినట్టే మనం మన ముందరి కథలు చూసి గంజి, పస్తు, సారా రాస్తున్నాం. పిల్లలు తమ ఇంటి ఆకలిని దాచారు. మనం ఎదుటి ఇంటి తిండిని దాచాం. మొర్రి పండు రుచి, ఎండ్రకాయ పులుసు, కొత్తల పండుగ కాకుండా కొత్త గింజ ముట్టని నియమం, ఆ నియమాన్ని ఆకలి ఎప్పుడు ఎట్లా తప్పించింది - ఇవేవీ మన ప్రశ్నావళిలో లేవు. ఉన్నది చెప్పని కథ లేమిని కూడా నమ్మించలేదు.

ఆదివాసులు తమ కథలు తామే రాసుకుంటున్న కాలం ఇది. వాళ్ళు రాసేదాకా, వాళ్ళు రాస్తున్నప్పుడు కూడా, ఈ అంచున పనిచేసే రచయితలూ ఉపాధ్యాయులూ చేయగలిగింది ఒకటుంది. ఒక్కసారి వెళ్ళి అడగటం కాకుండా ఏడాది పొడుగునా వెళ్ళాలి. గింజలున్న పుష్యంలోనూ, గింజలైపోయిన ఆషాఢంలోనూ వెళ్ళాలి. తిన్నదే కాక తాగినదీ, ఏరుకున్నదీ, పెట్టించుకున్నదీ అడగాలి. చేతిలో పుస్తకం లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి అడిగి రెండింటికీ ఉన్న తేడాను రాసుకోవాలి. ఆ తేడాయే అసలు విషయం.

ఆ అమ్మాయి పేజీ నా దగ్గర ఉంది. అన్నం, పప్పు, కూర. అక్షరదోషాలు లేవు. పదికి తొమ్మిది మార్కులు వేసి ఉన్నాయి. వేసింది నేనే.